ఏరికోరి తెప్పించుకున్న నల్లరాయి

ఐర్లండ్ తూర్పు తీరం పొడవునా డేటా సెంటర్లు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న ఏళ్లవి. ఒక ఫిబ్రవరి సోమవారం ఉదయం నాకు డండాక్ అనే ఊళ్లో ఇళ్ల పగుళ్లు చూసే పని అప్పగించారు. అప్పటికి డబ్లిన్‌లోని ఒక కన్సల్టెన్సీలో సీనియర్ ఇంజనీరింగ్ జియాలజిస్టుగా ఉన్నాను. కట్టడం కింద ఉన్న నేల, రాయి ఎంత బరువు మోస్తాయో, నీళ్లు తగిలితే ఏమవుతాయో తేల్చి సంతకం పెట్టడం మా ఉద్యోగం. ఆఫీసులో కుర్ర జియాలజిస్టులంతా డేటా సెంటర్ల స్థలాల్లో నేల పరీక్షకు బోర్లు వేయించే పనిలో తలమునకలుగా ఉన్నారు. ఇళ్ల పగుళ్ల పనంటే ఎవరికీ గిట్టదు. పేరు రాదు, పైగా ఇంటివాళ్ల ఏడుపులు వినాలి. అలాంటివన్నీ తిరిగి తిరిగి నా బల్ల మీదికే వచ్చేవి.

డెక్లన్ అని మా ప్రిన్సిపల్. మా వృత్తిలో ప్రిన్సిపల్ అంటే రిపోర్టు మీద చివరి సంతకం ఆయనది. ఆ సంతకం లేనిదే అది బయటికి వెళ్లదు. పగుళ్లు వచ్చిన ఇళ్లవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లనీ, వాళ్లలో ఒకాయనతో నాకు పరిచయం ఉందనీ డెక్లన్‌కు ముందే చెప్పాను. అలాంటివి దాచిపెడితే తరవాత కోర్టులో మన మొహమే మాడుతుంది. డెక్లన్ నవ్వి, ఒకరికొకరు బొత్తిగా తెలియని ఇద్దరిని ఈ దేశంలో వెతకాలంటే దేశమే చాలదు, నువ్వు వెళ్లు, అంతా గ్రాండ్ అన్నాడు. గ్రాండ్ అంటే ఇక్కడ గొప్పగా ఉందని కాదు, ఫరవాలేదని.

ఇళ్లకు గ్యారంటీ ఇచ్చిన కంపెనీ మమ్మల్ని అడిగింది ఒకే ప్రశ్న: ఫ్లోర్లు ఎందుకు లేస్తున్నాయి? తప్పు ఎవరిదన్నది మా పరిధిలోది కాదని ఒప్పందంలో స్పష్టంగా ఉంది.

డండాక్ పొలిమేరలో ఎదురెదురుగా రెండు వరసల ఇళ్లు. బిల్డర్ ఒకడే, ప్లాను ఒకటే, మేస్త్రీలూ వాళ్లే. మొదటి వరసలో స్థానికులు. రెండో వరసలో దాదాపు అందరూ మనవాళ్లే, డబ్లిన్‌లోనూ దాని పక్కనున్న స్వోర్డ్స్‌లోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్లు. అక్కడి అద్దెలు భరించలేక ఇంత దూరం వచ్చి, పొద్దున్నే మోటార్‌వే ఎక్కి ఆఫీసులకు పోయేవారు. మొదటి వరసలో గోడకు గీత కూడా పడలేదు. రెండో వరసలో ఫ్లోర్లు గది నడిమధ్యన ఉబ్బాయి, గోడల దగ్గర కుంగాయి. తలుపులు నేలకు రాసుకుంటున్నాయి. వంటింటి ప్రెస్ తలుపులు, అంటే అల్మరా తలుపులు, మూసినా వాటంతట అవే తెరుచుకుంటున్నాయి. ఎదురింటివాళ్లు రోజూ కళ్లముందు హాయిగా ఉంటే, వీళ్ల కడుపు మంటకు అంతులేదు.

నాకు పరిచయమున్న ఆయన రవీందర్. కరీంనగర్ వైపు మనిషి, స్వోర్డ్స్‌లో ఒక కంపెనీలో టీమ్ లీడ్. వాళ్లు ఇల్లు కొనుక్కున్నాక ఒక ఉగాది సభలో కలిశాం. నెమ్మదస్తుడు. కాని ఒక విషయం పట్టుకుంటే దాని అంతు చూడకుండా వదలడు. ఆయన భార్య స్వప్న ఆసుపత్రిలో డాక్టర్. మొదటిరోజు నేను వాళ్ల హాల్లో మోకాళ్ల మీద కూర్చుని లెవెల్ పెట్టి చూస్తుంటే రవీందర్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అంకుల్, మన దిక్కు నల్లరాయి మీద కట్టిన గడీలు ఇంక నిలవడ్డయి గదా. గీడ గిట్లెందుకు అయితుంది? రాయి మంచిదే గదా?"

ఇంకా ఏమీ తెలియదన్నాను. తెలియకముందు తెలిసినట్టు మాట్లాడకపోవడం మా వృత్తిలో మొదటి నియమం.

ఆయన ఆ రాయి సంగతి అడగడానికి కారణం ఉంది. అంతకు ముందు ఈ దేశంలో చాలా ఇళ్లు ఒక ఖనిజం వల్ల పాడయ్యాయి. ఇనుమూ గంధకమూ కలిసిన ఆ ఖనిజం ఫ్లోర్ కింద పరిచే కంకరలో ఉంటే, గాలీ తేమా తగిలి ఉబ్బుతుంది, పైనున్న కాంక్రీటును లేపేస్తుంది. కొత్తగా ఇల్లు కొనేవాళ్లందరికీ ఆ భయం పట్టుకుంది. రవీందర్‌కు మరీను. రాత్రింబవళ్లు చదివాడు. అగ్నిపర్వతాల రాయిలో ఆ బెడద సాధారణంగా ఉండదని ఎక్కడో దొరికింది. రెండో వరస ఇంకా పునాదుల్లో ఉండగానే తెలుగు కుటుంబాలన్నిటినీ కూడగట్టి, మా ఇళ్ల కింద మీ సున్నపురాయి కంకర వద్దు, నల్లని లావా రాయి వేస్తేనే కొంటాం అని బిల్డర్‌కు షరతు పెట్టాడు. మనవాళ్లకు నల్లరాయి అంటే చిన్నప్పటి నుంచీ నమ్మకం. రోలు నల్లరాయి, గుడి గడప నల్లరాయి. ఒక్కరు కూడా ఎదురు చెప్పలేదు. పైగా రవీందర్ ఉండబట్టి మనం బతికిపోయాం అని అందరికీ చెప్పుకున్నారు. బిల్డర్ సణుక్కుంటూనే ఉత్తరాన ఒక క్వారీ నుంచి లారీలు తెప్పించాడు. ఆ గంధకం ఖనిజం లేదని పరీక్ష కాగితం కూడా వచ్చింది. ఆ కాగితం అబద్ధం కాదు.

రెండోవారం రవీందర్ హాల్లోనే ఫ్లోరు ఒక చదరం కోయించాను. కాంక్రీటు పలక పక్కకు తీసి, కింది కంకరలోంచి ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాను. కంకర అంటే గట్టిగా, అంచులు చెయ్యి కోసేట్టు ఉండాలి. ఇది వేళ్ల మధ్య తడి సబ్బులా జారింది. కాస్త నొక్కితే విరిగింది. లోపల ఆకుపచ్చ కలిసిన నలుపు, మధ్యమధ్య తెల్లని చుక్కలు. పరీక్షలు కాకముందే దాన్ని గుర్తుపట్టాను. ఎందుకంటే నేను పుట్టింది తాండూరు వైపు నల్లరేగడిలో.

ఇక్కడ కొంత వెనక్కి వెళ్లి చెప్పాలి. ఆరు కోట్ల ఏళ్ల కిందట యూరపూ గ్రీన్‌లాండూ విడిపోతున్నప్పుడు, భూమి పైపొర సాగి చిరిగి, లోపలి కరిగిన రాయి ఐర్లండ్ ఈశాన్యాన పైకి పొంగింది. డండాక్ నుంచి చూస్తే సముద్రం పక్కన కనపడే గరుకు కొండ అప్పటి అగ్నిపర్వతం అడుగుభాగమే. పైదంతా కోసుకుపోయింది. ఇంకా ఉత్తరాన లావా వరదలా పారి, ఒక పొర చల్లారాక దాని మీద ఇంకో పొర పరుచుకుంది. అంతకు కాస్త ముందే మన దక్కనులో ఇదే జరిగింది, ఇంతకు ఎన్నోరెట్లు పెద్ద ఎత్తున. ఆ లావాతో వచ్చిన వాయువులు గాలిని మార్చాయి, ఎండను మార్చాయి, వానను మార్చాయి. ఆ కాలంలో ఎన్నో జీవజాతులు తుడిచిపెట్టుకుపోవడంలో వాటి వాటా ఎంతన్నది మా జియాలజిస్టులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

లావా చల్లారడంతో కథ అయిపోదు. ప్రతి పొరకూ నడుము గట్టిగా ఉంటుంది, అదే మనవాళ్లు నమ్ముకున్న నల్లరాయి. పైభాగం మాత్రం బుడగలతో బొరుగుల్లా ఉంటుంది. తరవాతి పొర వచ్చి కప్పేదాకా అది వానకు నానుతుంది. కప్పాక లోపలి వేడి నీళ్లు బుడగల్లోకి దూరి తెల్లని ఖనిజాలు నింపుతాయి, చుట్టూ ఉన్న రాయిని లోలోపలే బంకమట్టిగా మారుస్తాయి. పైకి రాయిలాగే ఉంటుంది. నీళ్లు పీలిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, ఆ రెండింటి మధ్య నలిగి పిండవుతుంది. చందమామ మీద కనపడే నల్లమచ్చలు ఇలాంటి లావా మైదానాలే. అక్కడ నీళ్లు లేవు కాబట్టి ఆ రాయి వందల కోట్ల ఏళ్లుగా రాయిగానే ఉంది. అంగారకుడి మీద పాత లావాలో ఇలాంటి బంకమట్టి కనపడితే, ఒకప్పుడు అక్కడ నీళ్లుండేవని అర్థం చేసుకుంటారు. మన భూమి మీద నీళ్లకు కొదవ లేదు, ఐర్లండ్‌లో అసలే లేదు.

దక్కను లావా అలా కుళ్లి కుళ్లి అయిందే నల్లరేగడి. ఎండాకాలం కాలు దూరేంత పగుళ్లిస్తుంది, వానాకాలం ఉబ్బి గోడలు లేపుతుంది. మావైపు ఇల్లు కట్టేవాడు ముందు ఆ మట్టిని తవ్వి అవతల పారబోసి, మొరం నింపి, అప్పుడు పునాది వేస్తాడు. ఇక్కడ మనవాళ్లు సముద్రాలు దాటి వచ్చి మరీ, ఆ మట్టికి తల్లిలాంటి రాయిని కోరి తెప్పించి ఇంటి కింద పరిపించుకున్నారు. ఈ పొరపాటు ఐరిష్‌వాడు చెయ్యడు. వాడికి నల్లరాయి మీద అంత ప్రేమ లేదు.

గుర్తుపట్టడం వేరు, రుజువు చెయ్యడం వేరు. సంచులకు సీలు వేసి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాయో సంతకాలు తీసుకుని లాబ్‌కు పంపాను. అక్కడ రాయిని వెంట్రుక కంటే పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు, ఎక్స్‌రేతో మట్టి జాతి తేలుస్తారు. ఇంకో పరీక్ష మొరటుది. కార్ల రేడియేటర్లలో పోసే గ్లైకాల్‌లో ముక్కలను నానబెడతారు. మంచి రాయి నానబెట్టినది నానబెట్టినట్టే ఉంటుంది. మనవాళ్ల ఇళ్ల కింది రాయి కొన్నాళ్లకే గిన్నె అడుగున బురదై కూర్చుంది.

ఆ మధ్యలో క్వారీకి వెళ్లాను. గోడ మెట్లు మెట్లుగా కోసి ఉంది. ఆ మెట్లను బెంచీలంటారు. కింది బెంచీల్లో గట్టి రాయి. పై బెంచీలో బుడగల రాయి, దాని నెత్తిన ఎర్రమట్టి చార. దూరం నుంచి చూసినా చంటిపిల్లకు కూడా తేడా తెలుస్తుంది. కింది రాయంతా డేటా సెంటర్ల కాంక్రీటుకు ముందే ఒప్పందమైపోయిందట. ఇళ్ల కింద నింపడానికి పై బెంచీ రాయి వేశామని మేనేజర్ దాచకుండా చెప్పాడు. వాళ్లను అడిగింది లావా రాయి, ఇచ్చింది లావా రాయి. ముక్కల సైజు సరిపోయింది, గంధకం లేదు. అంతకుమించి అడిగినవాడెవడూ లేడు. నాకు ఒళ్లు మండింది, కాని ఎవరి మీద మండాలో తెలియలేదు.

ఫలితాల కోసం ఎదురుచూసే ఆ వారాల్లో రెండో వరసలో గాలి మారిపోయింది; ఎదురు వరసకూ తమకూ తేడా ఆ రాయొక్కటేనని అందరికీ తట్టింది. ఫ్లోర్ల లెవెళ్లు మళ్లీ తీసుకోవడానికి వెళ్లినప్పుడల్లా చూసేవాణ్ణి. కుటుంబాల వాట్సాప్ గ్రూపులో రవీందర్ ఏది పెట్టినా జవాబు లేదు. పక్కింటి పిల్ల పుట్టినరోజుకు వీళ్ల పిల్లను పిలవలేదు. ఏడెనిమిదేళ్ల ఆ పిల్ల ఐరిష్ యాసలో, "మమ్మీ, ఆర్ దే నాట్ టాకింగ్ టు అస్?" అని నా ముందే అడిగింది. స్వప్న లోపలికి పంపేసింది. ఆరోజు టీ ఇస్తూ తనే నోరు తెరిచింది.

"అంకుల్, ఏదున్నా ఆయనకు ముందుగాల ఒక్కనికే చెప్పుండ్రి. అందరి ముందట ఇనద్దు. మనిషి సగం అయిండు. తింటలేడు, నిద్ర పోతలేడు. నా వల్లనే అందరు ఆగమైండ్రు అని ఒకటే పాట."

నాకు జాలేసింది. అయినా కుదరదని చెప్పాను. రిపోర్టు మొదట పని అప్పగించిన కంపెనీకి వెళ్లాలి, ఆ తరవాత వాళ్లు ఒప్పుకుంటే ఇళ్లవాళ్లందరికీ ఒకేసారి చెప్పాలి. ఒకరికి ముందు చెబితే మిగతావాళ్లకు అన్యాయం, అదీ నాకు తెలిసిన మనిషికి చెబితే రిపోర్టే చెల్లదు. స్వప్న కప్పు తీసుకుని వెళ్లిపోయింది.

ఏప్రిల్‌లో ఊరి ఆటల క్లబ్బు హాల్లో సమావేశం పెట్టారు. డెక్లన్ వచ్చాడు, గ్యారంటీ కంపెనీ మనిషి వచ్చాడు, రెండో వరస మొత్తం వచ్చింది. అంతవరకూ అంకుల్ అని పిలిచినవాళ్లంతా ఆరోజు సార్ అన్నారు. రవీందర్ చివరి వరసలో కూర్చున్నాడు. స్వప్నకు డ్యూటీ, రాలేదు. నేను లావా పొరల బొమ్మ గీసి, పై బెంచీ రాయి ఏదో కింది బెంచీ రాయి ఏదో చూపించాను. బల్ల మీద రెండు గిన్నెలు పెట్టాను, ఒకదానిలో మంచి రాయి, ఒకదానిలో బురద. రాయి జాతి తప్పు కాదనీ, అదే క్వారీలో కింది రాయి వేసి ఉంటే ఫ్లోర్లు లేచేవి కావనీ చెప్పాను. నీళ్లకు ఎలా తట్టుకుంటుందో చూసే పరీక్షను ఎవరూ అడగలేదనీ, అది కొనేవాళ్లు అడగాల్సింది కాదనీ మరీమరీ చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు కావాలనే రవీందర్ వైపు చూశాను.

గుంటూరాయన ఒకరు, కిరణ్ అని, రవీందర్‌కు కుడిపక్క ఇల్లు. రవీందర్ మాట మీద ఆ షరతు కాగితానికి మొదట సంతకం పెట్టింది ఆయనే. లేచి నిలబడి తెలుగులో అందుకున్నాడు.

"సార్, ఈ లావాలూ బెంచీలూ మాకు తెలీవండి. ఒక్కటే అడుగుతాను, అవునో కాదో చెప్పండి చాలు. రవీందర్ గారు ఆ షరతు పెట్టకపోతే మా ఇళ్ల కింద కూడా ఎదురు వరస రాయే పడుండేదా?"

అవును అన్నాను.

అది తప్ప వేరే జవాబు లేదు. ఎదురు వరస సున్నపురాయిని కూడా నేనే పరీక్షించాను, వంక పెట్టడానికి లేదు. వెంటనే, కాని ఆ షరతులో తప్పు లేదు, ఆ రోజున తెలిసినంతలో అది జాగ్రత్తే అని మొదలుపెట్టాను. అప్పటికే కుర్చీలు కదులుతున్నాయి. ఎవరో ఏడుస్తున్నారు. ఇంకెవరో, "జూస్తిరా, నేనేమన్న" అంటున్నారు. డెక్లన్‌కు తెలుగు రాదు, ఏమైందని నన్ను గోకుతున్నాడు. రవీందర్ లేచాడు. అందరూ ఆగారు.

"కిరణ్ భాయ్ అన్నది కరెక్ట్. నేనే అడిగిన. తప్పు నాదే. సార్ నన్ను ఎనకేసుకొస్తున్నడు గని, తప్పు నాదే."

కాదు అన్నాను, గట్టిగానే. ఎవరూ వినిపించుకోలేదు. ఆ రిపోర్టులో నేరస్థుడు లేడు. వాళ్లకు ఒకరు కావాలి, ఆయన తనంతట తానే దొరికాడు.

తరవాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. రాయి అడిగిన కొలతలకు తగ్గట్టే ఉంది కాబట్టి తాము ఇచ్చిన గ్యారంటీ కిందికి ఇది రాదని కంపెనీ తేల్చింది. బిల్డరూ అదే అన్నాడు, క్వారీ అదే అంది. ఎవరి కాగితాలు వాళ్లకు సరిగ్గానే ఉన్నాయి. ఇళ్లవాళ్లు గది తరవాత గది ఖాళీ చేసుకుంటూ, తామే ఫ్లోర్లు పగలగొట్టించి కంకర తీయించుకున్నారు. సెలవురోజుల్లో రవీందర్ ఒక తోపుడు బండి తీసుకుని ప్రతి ఇంటికీ వెళ్లి ఆ రాయి మోశాడని తరవాత తెలిసింది. కొందరు వద్దన్నారు. కిరణ్ తలుపు తీసి లోపలికి వెళ్లిపోయాడు, సాయంత్రందాకా మోయనిచ్చాడు. తన ఇంటి వంతు వచ్చేసరికి రవీందర్ దాన్ని అలాగే వదిలేశాడు. స్వప్న దూరంగా వాయవ్యాన ఉన్న లెటర్‌కెన్నీ అనే ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం చూసుకుంది, వాళ్లు అటు వెళ్లిపోయారు. రెండు మూడుసార్లు ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాడు. రాళ్ల సంగతి ఎత్తితే మాత్రం, డ్యూటీ టైమయింది సార్ అనేవాడు. మళ్లీ అంకుల్ అని పిలవలేదు.

ఈ పని నాకు నేర్పింది ఇది. ఏ రాయి అని అడగడం సగం ప్రశ్న. ఆ రాయి పొరలో ఏ భాగం నుంచి వచ్చింది, నీళ్లు తగిలితే ఏమవుతుంది అన్నది మిగతా సగం. పాత ప్రమాదానికి పరీక్ష పెట్టి పాసయిందని చేతులు దులుపుకుంటే కొత్త ప్రమాదం పక్కనుంచే వెళ్లిపోతుంది. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా క్వారీ బెంచీ దగ్గర స్వయంగా నిలబడి చూడకుండా ఏ కంకరకూ సంతకం పెట్టలేదు. కిరణ్ అడిగిన ప్రశ్న మళ్లీ అడిగినా నా జవాబు అవుననే. ఆ రెండు వరసల్లోనూ కింద పడే రాయి గురించి పట్టించుకున్న కొనుగోలుదారు రవీందర్ ఒక్కడే. అతను అడగాల్సిన సగం అడిగాడు. మిగతా సగం అడగాల్సింది మాలాంటి వాళ్లం. ఆ ఇళ్లు కట్టేటప్పుడు మాలాంటి వాణ్ణి ఎవరూ పిలవలేదు. పగిలాక పిలిచారు.